జెట్ మోడల్ ముక్కు పైకో కిందికో లాగుతుంటే

ఆర్‌సీ జెట్‌కి ఒక్కో వేగంలో ఒక్కో ఎలివేటర్ ట్రిమ్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క, స్టిక్ వదిలినా నిలిచే స్థానం) కావాల్సి వస్తోందా? ట్రిమ్ బటన్ నొక్కుతూ కూర్చోకండి, ముందు సీజీని (విమానం బరువు తూగే బిందువుని) అనుమానించండి.

గైరో (విమానాన్ని తనంతట తానే సరిదిద్దే పరికరం) ఆపేసి పరీక్షించండి. అది ఆన్‌లో ఉంటే అసలు లోపం కనిపించదు. మంచి ఎత్తులో, సగం థ్రాటిల్‌తో విమానం సమంగా వెళ్లేలా ట్రిమ్ చేయండి. తర్వాత థ్రాటిల్ తగ్గించి, 45 డిగ్రీల డైవ్‌లో పెట్టి స్టిక్ వదలండి. ముక్కు గబుక్కున పైకి లేస్తే ముక్కు వైపు బరువు ఎక్కువైనట్టు. డైవ్ ఇంకా నిటారుగా మారితే తోక బరువు ఎక్కువ. ఇది నిజంగా ప్రమాదం, వెంటనే స్టిక్ లాగి డైవ్ ఆపి, విమానాన్ని నేలకు దించేయండి. బ్యాటరీని 5 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ మళ్లీ చూడండి. దాదాపు అదే కోణంలో దిగుతూ మెల్లగా పైకి తేలితే సరిపోయినట్టే.

డైవ్ బాగానే ఉండి, థ్రాటిల్ పెంచినప్పుడే ముక్కు కదిలితే అది థ్రస్ట్ లైన్ (ఇంజన్ తోసే గీత) సంగతి. ఏ-10 యుద్ధవిమానం మోడల్లో ఇంజన్లు పైన ఉంటాయి కాబట్టి థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు కిందికి వంగుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ నుంచి ఎలివేటర్‌కి కొద్దిగా మిక్స్ (థ్రాటిల్ కదిపితే ఎలివేటర్ కూడా కదిలే సెట్టింగ్) పెట్టండి.

ట్రిమ్ ఫ్లైట్ ఫ్లైట్‌కీ మారుతుంటే మాత్రం సీజీ జోలికి వెళ్లొద్దు. ఎలివేటర్ అంచు పట్టుకుని కదిపి చూడండి. క్లెవిస్ (కడ్డీ చివరి క్లిప్), సర్వో హార్న్ (సర్వో మోటార్ చేయి), హింజ్‌లలో ఎక్కడో లూజు ఉంటుంది. పూర్తిగా కదిలే తోక రెక్కలున్న ఫైటర్ మోడళ్లలో పిసరంత లూజు కూడా బాగా తెలుస్తుంది.

టర్బైన్ జెట్ అయితే సీజీని మెయిన్ ట్యాంక్ ఖాళీగా, హాపర్ ట్యాంక్ (ఇంజన్‌కి ముందుండే చిన్న ట్యాంక్) నిండుగా ఉంచి చూసుకోండి.