చెరకు పిప్పిని ఈస్ట్ నోటికి అందించాలంటే

అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్ళకి పిప్పి అంటే పొయ్యిలోకి కట్టె. వాళ్ళని అడిగి ఒక గోనెసంచెడు తెచ్చుకుని విశాఖలో మా చిన్న ల్యాబ్‌లో కుస్తీ పడుతుంటాను. పిప్పి నుంచి చక్కెర తీసి, దాన్ని ఈస్ట్‌కి పెట్టి ఇథనాల్ చేయించాలని నా పట్టు. ఇథనాల్ సంగతి తర్వాత, ముందు పిప్పి లొంగాలి. అందులో ఇంచుమించు 40 శాతం సెల్యులోజ్. గ్లూకోజ్ వచ్చేది దాన్నుంచే. కానీ పీచులోనే ఉండే హెమీసెల్యులోజ్, లిగ్నిన్ అనే మరో రెండు పదార్థాలు చుట్టూ అల్లుకుపోయి, సెల్యులోజ్‌ని గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్‌ని దగ్గరికి రానివ్వవు.

తెచ్చిన పిప్పిని ముందు గోరువెచ్చటి నీళ్ళతో రెండుసార్లు కడగండి. గానుగలో ఎంత పిండినా కాస్త రసం ఉండిపోతుంది. ఆ తీపి చివర్లో మీ లెక్కలోకి దూరి, అంతా మీ గొప్పే అనిపిస్తుంది. ఎండబెట్టి, మిక్సీ పట్టి, 1 మిల్లీమీటరు జల్లెడతో జల్లించండి. మన సముద్రపు గాలికి పొద్దున ఆరింది సాయంత్రానికి చెమ్మగిల్లుతుంది. అందుకని తూచేముందు చిటికెడు తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, తేమ ఎంతుందో చూసుకోండి.

ఇక ఆ లిగ్నిన్‌ని కరిగించాలి. 100 గ్రాముల పొడి పిప్పికి లీటరు నీళ్ళు, 20 గ్రాముల కాస్టిక్ సోడా. నీళ్ళలో సోడా వేయాలి గానీ సోడా మీద నీళ్ళు పోయకూడదు, కాగి మొహం మీదకి చిమ్ముతుంది. గ్లౌజులు, కళ్ళజోడు లేకుండా డబ్బా మూత తీయొద్దు. గాజు పాత్రలో గానీ స్టీలు పాత్రలో గానీ కలిపి, ఆటోక్లేవ్‌లో (ల్యాబుల్లో వాడే ప్రెషర్ కుక్కర్ లాంటిది) 121 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. కొత్తలో నేను ఇంట్లోంచి అల్యూమినియం గిన్నె తెచ్చాను. కాస్టిక్ తగలగానే బుసబుసా పొంగింది. ఆ వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంతే సంగతులు. మా అమ్మ ఇప్పటికీ ఆ గిన్నె ఏదీ అని అడుగుతుంది.

పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కూడా చేయొచ్చు. కానీ అప్పుడు హెమీసెల్యులోజ్ కరిగి జైలోజ్ అనే చక్కెరగా నీళ్ళలోకి పోతుంది, మామూలు ఈస్ట్ దాన్ని ముట్టదు. పైగా ఫర్‌ఫ్యూరాల్ అనే పదార్థం పుట్టి ఈస్ట్‌నే కుంగదీస్తుంది. నా ఓటు కాస్టిక్‌కే.

ప్రెషర్ దానంతట అది దిగాక పలచటి గుడ్డలో వడకట్టండి. కాఫీ డికాక్షన్‌లా నల్లటి ద్రవం దిగుతుంది. లిగ్నిన్ అందులోనే ఉంటుంది. కాలవలో పారబోయకండి, పట్టి ఉంచి, కొద్దికొద్దిగా యాసిడ్ కలిపితే లిగ్నిన్ గోధుమరంగు మడ్డిలా అడుక్కి దిగుతుంది.

ఇక కడుగుడు. పీహెచ్ కాగితం 7 చూపించేదాకా కడగాలి. విసుగొస్తుంది, నీళ్ళూ తెగ ఖర్చవుతాయి. ఆ తర్వాత మాత్రం ఎండబెట్టకండి! ఆరితే పీచులోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, మళ్ళీ తడిపినా పూర్తిగా తెరుచుకోవు. ఒకసారి శుభ్రంగా ఎండబెట్టి, చక్కెర తగ్గిపోయిందేమిటా అని వారమంతా ఎంజైమ్‌ని తిట్టాను. గట్టిగా పిండి, తడి తడిగానే కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

పరీక్షకి కొంచెం తీసి, ముందు చెప్పిన ఎంజైమ్, అంటే సెల్యులేజ్ వేసి, 50 డిగ్రీలు, పీహెచ్ 4.8 దగ్గర మూడు రోజులు కదుపుతూ ఉంచండి. పక్కనే కాస్టిక్ తగలని పిప్పితో ఇంకో సీసా కూడా పెట్టండి, లేకపోతే వచ్చిన చక్కెరని దేనితో పోల్చి చూస్తారు?