మన ఇల్లు మనమే గీద్దాం – నాలుగో పాఠం: పడమటి ఎండకు లెక్క

పోయిన పాఠంలో ఇంటి ప్లాన్ గీసి ఉత్తరం గుర్తు పెట్టారు కదా, ఆ కాగితం తీయండి. గుమ్మాన్ని చూసి అంచనాగా గుర్తు పెట్టినవాళ్లు ఫోన్‌లో దిక్సూచి తెరిచి ఒకసారి సరిచూసుకోండి. విజయవాడను ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఎలా కోసుకుంటూ పోతాయో తెలిసిందే. వాటి వెంట తిరిగిన వీధుల్లో చాలామంది "తూర్పు ముఖం" అనుకునే ఇల్లు కాస్త ఆగ్నేయానికో ఈశాన్యానికో తిరిగి ఉంటుంది. ఈ రోజు పాఠానికి ఆ కాస్త తేడా కూడా ముఖ్యమే.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పటమటలో మా ఇల్లు కట్టుకునేటప్పుడు పడమటి గదిని నా ఆఫీసు గదిగా గీసుకున్నాను. పత్రికల్లో చూసిన మోజుతో గోడ పొడుగునా గ్లాసు పెట్టించాను. పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంది కదా అని ధీమా. మొదటి వేసవిలోనే మూడు దాటితే ఆ గదిలో కూర్చోలేకపోయాం. మందం కర్టెన్లు వేశాను. గది చీకటైంది, వేడి పోలేదు. అద్దం దాటి లోపలికి వచ్చేసిన ఎండను కర్టెన్ ఆపలేదు, తను వేడెక్కి గదిని వేడెక్కిస్తుంది. చివరికి మా అత్తయ్యగారు "చదువుకున్నదానివి, ఎండ ఎటునుంచి వస్తుందో చూసుకోవద్దటమ్మా!" అని, బయటివైపు తాటాకు తడిక కట్టించారు. ఆవిడ చేసిన పనిలో ఉన్న లెక్కే ఈ పాఠం.

బెజవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి మే 6 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 7 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఈ రెంటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. నమ్మకం కుదరకపోతే రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో డాబా మీద ఒక కర్ర నిలబెట్టి చూడండి, నీడ కొద్దిగా దక్షిణానికి పడుతుంది. డిసెంబరు 21న అయితే మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

ఇక స్కేలు, కోణమానిని తీసుకోండి. అడుగుకు 2 సెంటీమీటర్ల లెక్కన కిటికీని పక్కనుంచి చూసినట్టు గీయాలి. నాలుగడుగుల కిటికీ అంటే 8 సెంటీమీటర్ల నిలువు గీత. దాని పై కొస నుంచి బయటికి 4 సెంటీమీటర్ల అడ్డగీత గీస్తే అది రెండడుగుల సన్‌షేడ్. ఈ అడ్డగీత బయటి కొస దగ్గర కోణమానిని పెట్టి, సూర్యుడి ఎత్తు ఎన్ని డిగ్రీలో అడ్డగీత నుంచి అంత కోణంలో కిందికి, కిటికీ వైపుకి వాలు గీత గీయండి. ఆ గీత కిటికీని ఎక్కడ తాకిందో అంతవరకే నీడ. దాని కింద ఉన్నదంతా ఎండే.

ముందు దక్షిణం కిటికీకి గీయండి. డిసెంబరు మధ్యాహ్నం 50 డిగ్రీలకు నీడ సుమారు 4.8 సెంటీమీటర్లు దిగుతుంది, అంటే దాదాపు రెండున్నర అడుగులు. మిగతా ఒకటిన్నర అడుగులో ఎండ పడుతుంది. చలికాలం కాబట్టి అది హాయే. మార్చి 21కి సూర్యుడు 73 డిగ్రీలు దాటతాడు, అప్పుడు వాలు గీత కిటికీ కిందికి వెళ్లిపోతుంది. కిటికీ మొత్తం నీడే. దక్షిణానికి రెండడుగుల సన్‌షేడ్ బంగారం.

ఇప్పుడు అదే బొమ్మను పడమటికి గీయండి. మే నెల నడుమ సాయంత్రం 4 గంటలకు సూర్యుడి ఎత్తు సుమారు 34 డిగ్రీలు. నీడ అడుగున్నర కూడా దిగదు. 5 గంటలకు 20 డిగ్రీలు, నీడ ముప్పావు అడుగు. నాలుగింటికి కిటికీ మొత్తం కప్పాలంటే సన్‌షేడ్ దాదాపు ఆరడుగులు బయటికి రావాలి. అది సన్‌షేడ్ కాదు, వసారా. మేస్త్రీ నాలుగు వైపులా ఒకే రెండడుగుల సన్‌షేడ్ పోసి వెళ్లిపోతే, పడమటివైపు అది వానకే తప్ప ఎండకు పనికిరాదు.

పాత పెంకుటిళ్ల చూరు తల వంచుకుని దూరేంత కిందికి ఎందుకు ఉండేదో ఇప్పుడు ఆలోచించండి. వెనక వసారా, ముందు బాగా దిగిన చూరు. పైగా దానికి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. మే నెల పొడి వడగాలికి అది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత మొదలయ్యాక తడపడం దండగ.

మనకు ఆరడుగుల వసారాకు స్థలం ఎక్కడిది? అందుకే ఆ పెద్ద నీడను ముక్కలు చేయాలి. ఇటుకల మధ్య రంధ్రాలు వదిలి కట్టే ఇటుక జాలీ గోడ అదే. గోడ మందం నాలుగున్నర అంగుళాలు, రంధ్రం ఎత్తు మూడు అంగుళాలు అనుకుని, రంధ్రం బయటివైపు పై అంచు నుంచి ఇందాకటి 34 డిగ్రీల గీతను గీయండి. సరిగ్గా రంధ్రం లోపలివైపు కింది అంచుకి తాకుతుంది. నాలుగింటిదాకా నేరుగా ఎండ రాదు, వెలుతురూ గాలీ వస్తాయి. అయిదింటికి రంధ్రంలో సగానికి కాస్త తక్కువగా ఎండ దూరుతుంది. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ 1970ల్లో తిరువనంతపురంలో కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ నిండా ఇలాంటి జాలీలే. రంధ్రం వెడల్పు సంగతి నన్ను అడక్కండి, ఇష్టం వచ్చినంత పెట్టుకోండి. ఎత్తు మాత్రం పెంచొద్దు.

రెండో దారి నిలువు పలకలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గోడకు లంబంగా (90 డిగ్రీల్లో) నిలబెట్టిన పలకలు నేరుగా ఎదురొచ్చే పడమటి ఎండను ఆపవు. అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన మిల్ ఓనర్స్ అసోసియేషన్ భవనం, 1954 నాటిది, చూడండి. పడమటివైపు పలకల్ని వాలుగా తిప్పాడు, నదివైపున్న తూర్పు ముఖానికి మాత్రం లంబంగా ఉంచాడు. మన ఊళ్లో మే సాయంత్రం సూర్యుడు పడమరకు 12 డిగ్రీలు వాయవ్యంగా ఉంటాడు కాబట్టి, పలక బయటి అంచును దక్షిణానికి 45 డిగ్రీలు తిప్పండి. 6 అంగుళాల పలకలు 5 అంగుళాలకొకటి చొప్పున పెడితే నాలుగింటి ఎండ మొత్తం ఆగుతుంది. మా తాటాకు తడిక చిరిగాక నేను పెట్టించినవి ఇవే.

వాస్తు ప్రకారం నైరుతిలో పెద్దల పడకగది పెట్టినవాళ్లకు ఒక మాట. పడమటి గోడ మధ్యాహ్నమంతా తాగిన ఎండను రాత్రి, సరిగ్గా మీరు పడుకునే వేళకు, లోపలికి వదులుతుంది. వాస్తు మార్చమనను, ఆ గోడకు బీరువాలు ఆనించి, బయట నీడ కల్పించండి. ఇంట్లోనే ఆఫీసు పని చేసేవాళ్లు బల్లను ఉత్తరం కిటికీ దగ్గరికి జరుపుకుని, స్క్రీన్‌కు కిటికీ పక్కగా ఉండేలా కూర్చోండి. కిటికీ వెనకుంటే స్క్రీన్ మెరుస్తుంది, ఎదురుగా ఉంటే కళ్లు గుంజుతాయి.

హోంవర్క్: ఇంట్లో పడమటి కిటికీ ఒకటి ఎంచుకుని 3, 4, 5 గంటలకు నీడ ఎక్కడిదాకా దిగిందో సుద్దముక్కతో గీత పెట్టండి. మే నడుమ అయితే 4, 5 గంటల గీతల్ని కాగితం మీద వచ్చినవాటితో పోల్చండి; వేరే నెలల్లో సూర్యుడి ఎత్తు మారుతుంది కాబట్టి అవి కలవకపోవచ్చు. మేలోనూ కలవకపోతే ముందు దిక్సూచిని అనుమానించండి, తర్వాత సన్‌షేడ్ కొలతని. సన్‌షేడ్ కిటికీకి ఆనుకుని కాకుండా అర అడుగు పైన ఉంటే ఆ అర అడుగు నీడ గోడకే పోతుంది, అది లెక్కలో కలపడం మర్చిపోకండి. మబ్బు పడితే మర్నాడు చేయండి. అయిదో పాఠంలో గాలి.