డాకింగ్ మొదలెట్టే ముందు ఆ గుంటని ఓ గంట చూడండి

మా మేనల్లుడు విజయనగరంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. డాకింగ్ అంటే ఓ అణువు ప్రోటీన్ గుంటలో ఎలా కూర్చుంటుందో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం, ఆ అంచనాకే స్కోరు అని పేరు. ప్రాజెక్టు కోసం వందల అణువుల్ని డాకింగ్‌లో పడేసి, స్కోరు బాగా వచ్చినదాన్ని మందు అనేసుకున్నాడు. అలా కాదురా అని ఆదివారం కూర్చోబెట్టి చెప్పిందే ఇది.

మొదటిసారికి హెచ్‌ఐవీ ప్రోటియేజ్ తీసుకోండి. వైరస్ తన ప్రోటీన్లను పొడవాటి గొలుసుగా చేసుకుంటుంది, దాన్ని ముక్కలు చేసే కత్తెర ఇది, ఆగిపోతే కొత్తగా పుట్టే వైరస్‌కి అంటుకునే శక్తి ఉండదు. దీని ఆకారం 1989లో తేలింది, 1995కల్లా సాక్వినావిర్‌కి అమెరికాలో అనుమతి వచ్చేసింది.

ప్రోటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 1హెచ్‌ఎస్‌జీ ఫైలు ఉచితమే, ఇండినావిర్ అనే మందు గుంటలో కూర్చుని ఉంటుంది. కైమెరాఎక్స్ అనే బొమ్మ చూపే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఊరికే తిప్పి చూడండి. అచ్చం ఒకేలాంటి రెండు గొలుసులు, ఒక్కోటి 99 అమైనో ఆమ్లాలు, మధ్యలో సొరంగం. అడుగున 25వ నంబరు ఆస్పార్టేట్లు (ఓ రకం అమైనో ఆమ్లం) రెండు, కోత పని వాటిదే, మందులోని ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జత) సరిగ్గా వాటి దగ్గరే ఉంటుంది. పైన రెండు రెప్పలు, వాటికీ మందుకీ మధ్య ఒకే ఒక్క నీటి అణువు. అలవాటుగా నీళ్లన్నీ డిలీట్ చేసేస్తాం కదా, దీన్ని మాత్రం ఆపండి, రెండింటినీ పట్టి ఉంచేది అదే. దాని చోట్లోకి మందునే జరుపుదామని సైక్లిక్ యూరియాలు అనే అణువుల్ని డిజైన్ చేశారు! ఆకారం కుదరడమే అసలు సంగతి. పొందూరులో పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ ఏరి తెచ్చుకునేది కూడా ఆ సన్నని పళ్లు పీచుకి కుదురుతాయనే.

ఇక ఇండినావిర్‌ని బయటికి తీసి, హైడ్రోజన్లు పెట్టి (ఆ రెండు ఆస్పార్టేట్లలో ఒకదానికే ప్రోటాన్), ఆటోడాక్ వినా అనే డాకింగ్ ప్రోగ్రాంతో దాన్నే మళ్లీ కూర్చోబెట్టండి. కరెంటు పోని వేళ చూసుకుని రన్ పెట్టండి. అసలు చోటుకీ మీకొచ్చినదానికీ తేడా 2 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక్కోటి మీటరులో వెయ్యికోట్లవ వంతు) దాటితే కొత్త అణువుల జోలికి పోకండి, వినా వెతికే చోటుకి మీరు గీసిన బాక్సు చూసుకోండి.

అది కుదిరితే, మందులో ఒక్కసారికి ఒక్క చివరే మార్చండి. అణువు పెద్దదైతే స్కోరు దానంతటదే బాగా వచ్చేస్తుంది, మోసపోవద్దు. వైరస్ కోసుకునే గొలుసు ఆక్రమించే జాగా దాటి మందు బయటికి పొడుచుకొస్తే, అక్కడ 82వ వాలీన్ లాంటి అమైనో ఆమ్లం మారిపోయి వైరస్ తప్పించుకుంటుంది.

కోవిడ్ ప్రోటియేజ్ తర్వాత చూద్దాం. కోవిడ్ మందు నిర్మాట్రెల్విర్ ఆ ప్రోటియేజ్‌లోని 145వ సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో ఏకంగా రసాయన బంధం వేసుకుంటుంది, మామూలు వినా దాన్ని లెక్కలోకి తీసుకోదు. మావాడు బోర్లా పడింది అక్కడే.