ముక్క ఏ విమానానిది? 1940లో కూలిన ఫైటర్‌ను శిథిలాలతో గుర్తుపట్టే పద్ధతి

ఆగ్నేయ ఇంగ్లాండ్‌లో విమానం కూలిన చోటు గురించి అడిగితే, పొలంలో పడింది బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైరే అంటారు. కానీ 1940 జులై 10 నుంచి అక్టోబరు 31 దాకా సాగిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో, అంటే జర్మనీతో జరిగిన గగనతల పోరులో, మరో బ్రిటిష్ ఫైటర్ హరికేన్ల సంఖ్యే ఎక్కువ. కాబట్టి ఊరి మాటను పక్కన పెట్టి ముక్కనే అడగాలి.

దానికి ముందు లైసెన్సు. 1986 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ మిలిటరీ రిమెయిన్స్ చట్టం ప్రకారం, బ్రిటన్‌లో కూలిన సైనిక విమానాన్ని రక్షణ శాఖ అనుమతి లేకుండా తవ్వినా, కదిపినా, అందులోంచి ముక్క తీసుకెళ్లినా నేరమే. పొలం యజమాని సరేనంటే సరిపోదు. సిబ్బంది అవశేషాలో పేలని మందుగుండో ఉండే అవకాశముంటే లైసెన్సు ఇవ్వరు. పేలని తూటా కనిపిస్తే చేయి పెట్టకుండా పోలీసులకు చెప్పాలి. కాక్‌పిట్ మీటర్ల డయళ్ల విషయంలోనూ జాగ్రత్త: అంకెల మీది రేడియం పూత వెలగడం మానేసి ఉండొచ్చు, రేడియం మాత్రం పోలేదు, దాని అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు. గీకొద్దు, విప్పొద్దు.

మట్టి పట్టిన రేకు చేతికి రాగానే వైర్ బ్రష్ వైపు చూపు పోతుంది. పని చెడేది అక్కడే. తనిఖీ ముద్రల్లో చాలావరకు సిరాతో కొట్టినవే, ఒక్క రుద్దుకే పోతాయి. మామూలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి, నీడలో ఆరనివ్వండి. తర్వాత టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే, ఎదురుగా కనిపించని అంకెలు నీడ తేలి కనిపిస్తాయి.

స్పిట్‌ఫైర్ భాగాల మీద 300తో మొదలయ్యే నంబరు, దగ్గర్లోనే 6ఎస్ అన్న తనిఖీ ముద్ర వెతకండి. ఇక్కడొక మెలిక ఉంది. మార్పు అవసరం లేని భాగాలకు తర్వాతి మోడళ్లలోనూ పాత నంబర్లే కొనసాగాయి కాబట్టి, 300 కనిపించగానే మార్క్ 1 (మొదటి మోడల్) అనేయకూడదు. 361 కనిపిస్తే మాత్రం అది మార్క్ 9 భాగం, 1940కి సంబంధం లేనిది. హరికేన్‌కైతే నంబరు దాకా వెళ్లక్కర్లేదు. దాని మొండెం లోపలి చట్రం గొట్టాలతో కట్టింది. గుండ్రటి గొట్టం చివరికొచ్చేసరికి చతురస్రంగా మారి, ప్లేట్లతో బోల్టులు బిగించి ఉంటుంది. అలాంటి చివర ఒక్కటి దొరికితే చాలు.

ఇంజనుతో ఈ రెండింటినీ విడదీయలేం. రెండింటిలోనూ 27 లీటర్ల మెర్లిన్ ఇంజనే. శత్రు విమానమా కాదా తేల్చడానికి మాత్రం పిస్టన్ బాగా పనికొస్తుంది. కాలిపర్ (వ్యాసం కొలిచే పరికరం) పెట్టి కొలవండి: దాదాపు 137 మి.మీ. ఉంటే మెర్లిన్, 150 దగ్గర ఉంటే జర్మన్ ఇంజను, మెసర్‌ష్మిట్ 109 ఫైటర్‌లోని డీబీ 601 లాంటిది. పిస్టన్ కరిగి వంగి ఉంటే రెండు మూడు దిక్కుల్లో కొలవాలి.

ఖాళీ తూటాలను తేలిగ్గా తీసుకోవద్దు. బ్రిటిష్ .303 అంగుళాల తూటాకు అడుగు అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, జర్మన్ 7.92 మి.మీ. తూటాకు అంచు బయటికి రాదు, దాని పైన చుట్టూ గాడి ఉంటుంది. .303 అడుగున తయారైన ఏడాది, రకం అక్షరం ఉంటాయి: డబ్ల్యూ అంటే కవచం చీల్చేది, జీ ట్రేసర్ (దారి కనిపించేలా వెలిగేది), బీ నిప్పంటించేది. అసలు విలువ ఏడాదిదే. విమానంలోదే అని తేలిన తూటా మీద 1941 ఉంటే, ఆ విమానం 1940లో కూలిందన్న వాదన అక్కడితో సరి. 1939 ఉంటే మాత్రం ఏమీ తేలదు, పాత సరుకు వాడటం మామూలే.

రకం తెలిసింది కదా అని పైలట్ పేరు రాసేయకండి. ఒక విమానం భాగాలు మరమ్మతులో ఇంకోదానికి వెళ్లేవి, ఇంజన్లూ మారేవి. తయారీదారు ప్లేటు మీది నంబరు వేరు, పీ9374 లాంటి వాయుసేన నంబరు వేరు. రెంటినీ కలిపే జాబితా చూడాలి. తర్వాత లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 కింద స్క్వాడ్రన్ దినచర్య, ఎయిర్ 50 కింద పోరాట నివేదికలు, ఎయిర్ 81 కింద నష్టాల ఫైళ్లు తీయండి. తేదీ, చోటు, నంబరు మూడూ ఒకే విమానాన్ని చూపాలి. రెండే కుదిరితే చీటీ మీద ‘హరికేన్, 1940’ అని మాత్రం రాసి, పేరు గడి ఖాళీగా వదిలేయండి.