గాజు తొట్టెలో మూడు గీతలు: ఇంట్లో క్లౌడ్ చాంబర్ కట్టి విశ్వపు తొలి క్షణాలను లెక్కించడం ఎలా

విశ్వం పుట్టిన తొలి క్షణాల గురించి చదివేవారికి మ్యూయాన్, పాజిట్రాన్, హీలియం కేంద్రకం వంటి మాటలు పుస్తకంలో ఎంత వివరంగా కనిపించినా, వాటిని కళ్లారా చూసిన అనుభవం లేకపోవడం వల్ల అవి పేర్లుగానే మిగిలిపోతాయి. ఈ కణాల దారులను హైదరాబాదులోని ఏ ఇంటి ముందుగదిలోనైనా ఒక చేపల తొట్టె, కొంత ఆల్కహాల్, నాలుగైదు కిలోల డ్రై ఐస్ సాయంతో చూడవచ్చు. చూసిన దారిని బట్టి ఆ కణం విశ్వచరిత్రలో ఏ ఘడియకు చెందినదో కాగితం మీద లెక్క కూడా కట్టవచ్చు. తొట్టె కట్టే పద్ధతిని ముందు చెప్పి, లెక్కను తరువాత చెబుతాను. నా అభిప్రాయంలో లెక్క లేకుండా తొట్టె కడితే అది పిల్లల వేడుకగా ముగిసిపోతుంది.

క్లౌడ్ చాంబర్ అనే ఈ పరికరానికి మూలపురుషుడు స్కాట్లాండ్ భౌతికశాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్. ఆయన 1894లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ పర్వతం మీద చూసిన మేఘాలను ప్రయోగశాలలో తయారు చేయబోయి, 1911 నాటికి ఆ కృత్రిమ మేఘంలో అణుకణాల దారులను ఫోటో తీయగలిగాడు. 1927లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అందులోని సూత్రం తేలికైనదే. ఆవిరి తాను బొట్లుగా మారవలసిన స్థితిని దాటి చల్లబడినా, పట్టుకోవడానికి ఆధారం దొరక్క ఆవిరిగానే నిలిచి ఉన్నప్పుడు, విద్యుదావేశం గల కణం ఏదైనా దాని గుండా దూసుకుపోతే దారి పొడవునా గాలి అణువులు అయాన్లుగా విడిపోతాయి, ఆ అయాన్ల చుట్టూ సన్నని బొట్లు చేరుతాయి. మనకు కనిపించేది కణం కాదు, అది నడిచిన అడుగుజాడ. విల్సన్ పరికరంలో గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేయవలసి వచ్చేది. మనం కట్టబోయే రకంలో అడుగున చలి, పైన వెచ్చదనం ఉండటం వల్ల ఆవిరి నిరంతరం కిందికి దిగుతూ ఉంటుంది కనుక గంటల తరబడి చూస్తూ కూర్చోవచ్చు.

తొట్టె సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉంటే చాలు. దాని మూతికన్నా కొంచెం పెద్దదైన అల్యూమినియం పలక కావాలి. దానికి ఒకవైపు మెరుపు లేని నల్లరంగు వేయాలి, లేదా నల్లని ఇన్సులేషన్ టేపును వరుసగా అంటించాలి. వీటితోపాటు మందపాటి ఫెల్ట్ గుడ్డ, మట్టిబొమ్మలు చేసే మెత్తని క్లే, బలమైన ఎల్‌ఈడీ టార్చి సిద్ధం చేసుకోవాలి. ఆల్కహాల్ విషయంలో మాత్రం రాజీ పడకూడదు. అది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయి ఉండాలి. కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజారులో సర్క్యూట్ బోర్డులు శుభ్రం చేయడానికి అమ్మే ద్రవం తరచుగా ఇదే అయినా, సీసా మీద శాతం చదివిన తరువాతే కొనాలి. నేను మొదటిసారి చేతులకు రాసుకునే 70 శాతం ద్రవంతో ప్రయత్నించి, రెండు గంటలు చీకట్లో కూర్చుని, పలక మీద పేరుకున్న మంచు తప్ప మరేమీ చూడలేకపోయాను. అందులోని నీరు గడ్డకట్టి పలకను కప్పేస్తుంది.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాని ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీలు. పెళ్లి మండపాల్లో వధూవరుల కాళ్ల చుట్టూ తెల్లని పొగ పరిచేవారు వాడేది ఇదే కనుక, అటువంటివారికి సరఫరా చేసే దుకాణాన్ని అడిగితే కిలోల లెక్కన దొరుకుతుంది. దీనిని థర్మోకోల్ పెట్టెలో, మూత బిగించకుండా తీసుకురావాలి. ఏసీ వేసి అద్దాలు మూసిన కారులో తేకూడదు, ఎందుకంటే అది ఆవిరై ప్రాణవాయువును పక్కకు నెడుతుంది. సీసాలోనో ప్రెషర్ కుక్కర్‌లోనో వేసి బిగించితే పేలుతుంది. వట్టి చేత్తో తాకితే చర్మం కాలినట్టే అవుతుంది కనుక మందమైన తోలు చేతితొడుగులు తప్పనిసరి. ఆల్కహాల్ ఆవిరికి నిప్పు సులభంగా అంటుకుంటుంది కనుక గదిలో అగరొత్తి కూడా వెలగకూడదు, ఒక కిటికీ తెరిచి ఉండాలి. పిల్లలు చూడవచ్చు గాని చేయి పెట్టకూడదు. మే నెల ఎండల్లో డ్రై ఐస్ ఇంటికి చేరేలోపే సగమవుతుంది, వానాకాలపు తేమ పలక మీద మంచు పట్టిస్తుంది. ఈ ఊరికి డిసెంబరు, జనవరి సాయంత్రాలే అనుకూలం.

ఫెల్ట్ గుడ్డను తొట్టె అడుగుభాగానికి లోపలివైపున గట్టిగా అమర్చి, అది పూర్తిగా తడిసేలా, అయితే కారకుండా ఉండేలా ఆల్కహాల్ పోయాలి. తరువాత తొట్టెను బోర్లించి నల్లని పలక మీద పెట్టాలి. అప్పుడు గుడ్డ పైకి, పలక కిందికి వస్తాయి. పలక, తొట్టె కలిసే అంచు అంతటా క్లే నొక్కి గాలి చొరకుండా మూయాలి. వెడల్పాటి థర్మోకోల్ ట్రేలో డ్రై ఐస్ ముక్కలను సమతలంగా పరిచి, పలక మొత్తం వాటిని తాకేలా ఆనించాలి. ముక్కల మధ్య ఖాళీలుంటే చలి సమంగా అందదు కనుక వాటిని గుడ్డలో చుట్టి సుత్తితో చితకగొట్టి పరచడం మేలు. టార్చిని పక్కనుంచి, పలకకు దాదాపు సమాంతరంగా, అడుగున రెండు సెంటీమీటర్ల మేర వెలుగు పడేలా ఉంచి, గదిలో దీపాలు ఆర్పాలి.

మొదటి పది పదిహేను నిమిషాలు సన్నని తుంపర రాలుతున్నట్టు మాత్రమే కనిపిస్తుంది; అదే శుభసూచన. ఆ తుంపర కూడా లేకపోతే ఆల్కహాల్ చాలలేదని అర్థం. పొగలు సుడులు తిరుగుతుంటే అంచు ఎక్కడో తెరుచుకుని ఉంది. తుంపర బాగానే ఉన్నా గీతలు రాకపోతే, ప్లాస్టిక్ స్కేలును ఉన్నిగుడ్డతో రుద్ది తొట్టె పైభాగం మీద ఉంచితే పాత అయాన్లు తొలగి కొత్త దారులు తేటపడతాయి. ఆపై పలకకు ఒక సెంటీమీటరు ఎత్తులోపే చూపు నిలపాలి, ఎందుకంటే దారులు పడేది ఆ పలుచని పొరలోనే.

గీతలు మూడు రకాలు. పొట్టిగా, మందంగా, కొద్ది సెంటీమీటర్లకు మించకుండా సుద్దతో గీసినట్టు కనిపించేది ఆల్ఫా కణం, అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు గల హీలియం కేంద్రకం. ఇది ఎక్కువగా గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు నుంచి వస్తుంది. రేడాన్ రాతిలోని యురేనియం నుంచి వస్తుంది. గోల్కొండ కోటను మోస్తున్న రాయి, జూబ్లీహిల్స్‌లో పగలగొట్టి ఇళ్లు కట్టిన రాయి, అన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటే కనుక ఈ ఊళ్లో ఆల్ఫాకు కొరత ఉండదు. రాత్రంతా మూసి ఉంచిన కింది అంతస్తు గదిలో తొట్టెను బిగిస్తే మరిన్ని కనిపిస్తాయి. సన్నగా, వంకరటింకరగా, తోవ తప్పినట్టు తిరిగేది ఎలక్ట్రాన్. సన్నగా, తిన్నగా తొట్టె ఒక అంచునుంచి మరో అంచుకు పోయేది చాలావరకు మ్యూయాన్, అంటే ఎలక్ట్రాన్‌ను పోలిన, దానికన్నా బరువైన కణం. అంతరిక్షం నుంచి వచ్చిన ప్రోటాన్లు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున గాలి అణువులను ఢీకొన్నప్పుడు పుట్టే ఈ కణాలు నిమిషానికి చదరపు సెంటీమీటరుకు ఒకటి చొప్పున నేలను చేరుతాయి. ఈ లెక్కన మన పలక గుండా నిమిషానికి ఆరువందలు పోవాలి. అన్ని కనిపించడం లేదేమని నిరాశపడనవసరం లేదు. అధిక భాగం నిట్టనిలువుగా దిగుతాయి కనుక పలుచని పొరలో అవి చుక్కగా మాత్రమే తోస్తాయి, పక్కవాలుగా వచ్చే కొద్దిపాటివే పొడవైన గీత గీస్తాయి. ఈసీఐఎల్ దగ్గరున్న టాటా పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరే బెలూన్లు, ఈ మ్యూయాన్లు పుట్టే పొరను దాటి ఎంతో పైకి వెళ్లి, అంతరిక్షం నుంచి వచ్చే మూల కిరణాలనే కొలుస్తాయి.

ఇక లెక్క. విశ్వపు తొలి నిమిషాలకు పనికివచ్చే సూత్రం ఒక్కటే: సెకన్లలో కాలం తీసుకుని, దాని వర్గమూలంతో 1,000 కోట్ల కెల్విన్‌ను భాగిస్తే అప్పటి ఉష్ణోగ్రత ఉజ్జాయింపుగా వస్తుంది. తిరగేస్తే, 1,000 కోట్లను ఉష్ణోగ్రతతో భాగించి వర్గం చేస్తే కాలం వస్తుంది. దీనికి ఒక మారకపు రేటు కావాలి: కణాల శక్తినీ ద్రవ్యరాశినీ కొలిచే ప్రమాణమైన ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు శక్తి సుమారు 1,160 కోట్ల కెల్విన్‌కు సమానం. ఏ కణమైనా తన ద్రవ్యరాశికి తగిన వేడి ఉన్నంతకాలం తన ప్రతికణంతో (అంతే ద్రవ్యరాశి, వ్యతిరేక ఆవేశం గల జోడీతో) జంటగా పుడుతూ నశిస్తూ ఉంటుంది. వేడి అంతకన్నా తగ్గితే నశించడమే గాని పుట్టడం ఉండదు.

మ్యూయాన్ ద్రవ్యరాశి 105.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. దానిని 1,160తో గుణిస్తే లక్షా ఇరవైరెండు వేల కోట్ల కెల్విన్ వస్తుంది. 1,000 కోట్లను దానితో భాగిస్తే 122లో ఒక వంతు, వర్గం చేస్తే సెకనులో సుమారు 15,000వ వంతు. మ్యూయాన్లు విశ్వమంతటా కిక్కిరిసి ఉన్న కాలం అంతటితో ముగిసింది. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 0.511, ఇదే విధంగా లెక్కిస్తే 593 కోట్ల కెల్విన్, కాలం దాదాపు 3 సెకన్లు. అప్పటినుంచి ఎలక్ట్రాన్లూ వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లూ ఒకదానినొకటి చెరిపేసుకుంటూ పోగా, సుమారు వంద కోట్లకు ఒకటి చొప్పున మిగిలిన ఎలక్ట్రాన్లే ఇప్పటి పదార్థంలో ఉన్నవి. ఆ మిగులు ఎందుకు వచ్చిందన్నది భౌతికశాస్త్రం ఇంకా విప్పలేని ముడి. మన తొట్టెలో పాజిట్రాన్ పోయినా దానిని ఎలక్ట్రాన్ నుంచి వేరు చేయలేము. 1932లో కార్ల్ ఆండర్సన్ తన క్లౌడ్ చాంబర్‌ను బలమైన అయస్కాంతంలో ఉంచి, మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక పెట్టి, పలక దాటాక ఎక్కువగా వంగిన దారిని చూసి కణం ఎటునుంచి వచ్చిందో, దాని ఆవేశం ఏదో తేల్చాడు.

హీలియం లెక్క వేరు, అందులోనే అసలు రుచి ఉంది. ప్రోటాన్, న్యూట్రాన్ కలిసిన డ్యుటీరియం ఏర్పడితేనే హీలియానికి దారి తెరుచుకుంటుంది. దానిని పట్టి ఉంచే శక్తి 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. పై పద్ధతిలో లెక్కిస్తే సెకనులో ఆరో వంతు దగ్గరే పని మొదలవాలి. అయితే ఒక్కొక్క కేంద్రక కణానికి 160 కోట్ల కాంతికణాలు చుట్టూ ఉన్నాయి, వాటిలో బలమైనవి కొద్దిపాటివే అయినా ఏర్పడిన ప్రతి డ్యుటీరియాన్నీ విరగ్గొట్టడానికి సరిపోయాయి. ఉష్ణోగ్రత 100 కోట్ల కెల్విన్‌కు దిగేదాకా ఇదే వరస. సూత్రం ప్రకారం అది 100 సెకన్లు. ఈలోగా ఎలక్ట్రాన్ జంటలు నశించినందున సూత్రంలోని అంకె మారి, సరైన కాలం మూడు నిమిషాలకు చేరుతుంది. అప్పటికి ప్రతి ఏడు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ మిగిలి ఉంది. పద్నాలుగు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు తీసుకోండి: రెండు న్యూట్రాన్లూ రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం అవుతాయి, పన్నెండు ప్రోటాన్లు హైడ్రోజన్‌గా మిగులుతాయి. పదహారింటిలో నాలుగు, అంటే ద్రవ్యరాశిలో 25 శాతం. అతి పురాతన వాయుమేఘాలలో కొలిచిన హీలియం కూడా దాదాపు ఇంతే.

ఒక పొరపాటుకు మాత్రం తావివ్వకూడదు. తొట్టెలో కనిపించిన కణాలు ఆ తొలి క్షణాలవి కావు. మ్యూయాన్ సగటు ఆయువు సెకనులో పదిలక్షవ వంతుకు 2.2 రెట్లు మాత్రమే, మనం చూసినది క్షణం క్రితం మన నెత్తి మీది గాలిలో పుట్టింది. ఆల్ఫా కణం రాతిలోని యురేనియం నుంచి వచ్చింది, ఆ యురేనియం నక్షత్రాల తరువాతి కాలానిది. అదే రకం కణాలు, అంతే. నిజంగా ఆదినుంచి ఉన్నది వేరే చోట ఉంది: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అణువులో పన్నెండు పరమాణువులుంటే వాటిలో ఎనిమిది హైడ్రోజన్, ఆ ఎనిమిదింటి ప్రోటాన్లు సెకనులో లక్షవంతు ప్రాంతంలో, అంటే మ్యూయాన్లు కనుమరుగు కాకముందే ఏర్పడినవి. గీతను చూపించే బొట్టు, గీసే కణంకన్నా 1,380 కోట్ల ఏళ్లు పెద్దది.

చూడటం ముగిశాక మిగిలిన డ్రై ఐస్‌ను సింకులో వేయకూడదు, గొట్టం పగులుతుంది. ట్రేతో సహా బాల్కనీలో ఎవరూ తాకని మూల పెడితే తెల్లవారేసరికి ఆనవాలు ఉండదు. పలక గది వేడికి వచ్చేవరకు ముట్టుకోకుండా ఉంచి, ఆపై క్లే ఊడదీసి, ఫెల్ట్ గుడ్డను ఆరుబయట ఆరేయాలి. అది పూర్తిగా ఆరి వాసన పోయేదాకా వంటగదిలో పొయ్యి వెలిగించవద్దు.