బడి మాన్పించే ముందు: ఇంటి చదువు ఎక్కడ మొదలుపెట్టాలి

పిల్లల్ని ఇంటి దగ్గరే చదివిద్దామని అనుకోగానే చాలామంది చేసే మొదటి పని పుస్తకాలు కొనడం. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. ముందు తేల్చుకోవాల్సింది, పదో తరగతి సర్టిఫికెట్ ఏ బోర్డు నుంచి తెస్తారన్నది. పిల్లకి ఇంకా ఆరేళ్లే కదా అని వదిలేయొద్దు. ఏ కాగితాలు దాచాలో, ఏ సబ్జెక్టులు వదలకూడదో ఆ జవాబే చెబుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలది. బిడ్డను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని పదో సెక్షన్ చెబుతుంది, కానీ చేర్పించని తల్లిదండ్రులకు శిక్షేమీ రాయలేదు. ఇంటి చదువు అన్న మాటే అందులో లేదు. అందువల్ల అనుమతి పత్రం కోసం తిరగక్కర్లేదు, అలాంటి పత్రం ఇచ్చే ఆఫీసూ లేదు. అయితే జూన్‌లో బడిబాటలో భాగంగా టీచర్లు ఇంటింటికీ వస్తారు, బడి బయట ఉన్న పిల్లల పేర్లు రాసుకుంటారు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. పిల్లల నోటు పుస్తకాలు, నెలవారీగా చదివిన పాఠాల జాబితా, పుట్టిన తేదీ పత్రం ఒక ఫైల్లో పెట్టి చూపిస్తే సరిపోతుంది.

ఇక బోర్డులు. మన దగ్గర ప్రధానంగా మూడు దారులున్నాయి: నోయిడాలోని జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్), రాష్ట్ర ఓపెన్ స్కూళ్లు (ఆంధ్రలో ఏపీఓఎస్‌ఎస్, తెలంగాణలో టాస్), పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష అయిన కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈకి ప్రైవేటు అభ్యర్థిగా వెళ్లడం. మొదటి రెండూ రోజూ బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే ఓపెన్ స్కూళ్లు. చివరిది ఖర్చు ఎక్కువ. పరీక్ష కేంద్రాలు పెద్ద నగరాల్లోనే దొరుకుతాయి. ఇంటర్ తర్వాత విదేశాలకే పంపాలన్న పట్టుదల లేకపోతే దాని జోలికి పోకపోవడమే మేలు.

ఓపెన్ స్కూల్లో పదికి పద్నాలుగేళ్లు, పన్నెండుకు పదిహేనేళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి. పాసు మార్కు 33. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో మరోసారి. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, కాబట్టి అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు. ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్లకు (ఇంటి దగ్గర రాసి ఇచ్చే జవాబులకు) 20 శాతం వెయిటేజీ ఉంటుంది. చాలామంది వాటిని తేలిగ్గా తీసుకుని చేతికందే మార్కులు పోగొట్టుకుంటారు. సైన్సుకు ప్రాక్టికల్స్ ఉంటాయి, థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ విడివిడిగా పాసవ్వాలి. అందుకే స్టడీ సెంటర్ ఎంచుకునేటప్పుడు అక్కడ ల్యాబ్ నిజంగా తెరుస్తారా అని స్వయంగా వెళ్లి చూసుకోండి. పదిని తెలుగు మీడియంలో రాసుకోవచ్చు. రాష్ట్ర ఓపెన్ స్కూళ్లలో పాసు మార్కు 35. పల్లెల్లో, చిన్న ఊళ్లలో కేంద్రాలు దగ్గరగా దొరకడం వాటితో లాభం.

తర్వాత ఎంపీసీయో బైపీసీయో అనుకుంటే పదిలో గణితం, సైన్సు వదలొద్దు. సులువని హోమ్ సైన్సు, పెయింటింగ్ పెట్టించి, పదహారేళ్లకు ఇంజనీరింగ్ కావాలంటే పిల్లాడు మళ్లీ మొదటికి వస్తాడు. ఎన్‌ఐఓఎస్ పన్నెండు ఐదు సబ్జెక్టులతో పాసైనవారికి జేఈఈ మెయిన్ రాసే అర్హత ఉంది. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్ల విద్యార్థులు నీట్ రాయొచ్చన్న విషయం 2024లో సుప్రీంకోర్టులో తేలిపోయింది.

కాగితాలు

ఈ భాగం విసుగ్గా ఉంటుంది. కానీ ఇంటి చదువు దెబ్బతినేది పాఠాల దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ.

విద్యా సంవత్సరం మధ్యలో మాన్పించొద్దు. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక, జూన్‌లో బడులు తెరవకముందే ఫీజు బాకీ తీర్చి టీసీ తీసుకోండి. ప్రాథమిక తరగతులైతే రికార్డ్ షీట్ ఇస్తారు. దాంతోపాటు ఇప్పటిదాకా చదివిన తరగతులన్నిటికీ స్టడీ సర్టిఫికెట్, పిల్లల పెన్ నంబరు (ప్రభుత్వ యూడైస్ రికార్డులోని శాశ్వత సంఖ్య) అడిగి రాయించుకోండి. టీసీ ఇచ్చాక ఆ పిల్లలు యూడైస్‌లో డ్రాప్ బాక్స్‌లోకి వెళతారు. తిరిగి ఎక్కడైనా చేరితే కొత్త బడివాళ్లు అక్కడినుంచే లాక్కోవాలి. నంబరు చేతిలో లేకపోతే వెతుక్కోవడం పెద్ద తంటా.

పేరు విషయంలో మన తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా, బడి రికార్డులో పేరు చివర ఉంటుంది. పది మెమోలో ఏది పడితే అదే జీవితాంతం నడుస్తుంది. బడిలో ఉన్న పిల్లలకు తొమ్మిదో తరగతిలో క్లాస్ టీచర్ ఈ సవరణలు చేయించమని గుర్తుచేస్తారు. మీకు ఎవరూ గుర్తుచేయరు. ఐదేళ్లకు, పదిహేనేళ్లకు చేయించాల్సిన ఆధార్ వేలిముద్రల నవీకరణా అంతే.

ఇంకొకటి, స్థానికత. రాజ్యాంగం 371-డి అధికరణ కింద ఈఏపీసెట్, మెడికల్ సీట్లలో లోకల్ ఎవరన్నది సాధారణంగా స్టడీ సర్టిఫికెట్లతో తేలుస్తారు. బడికి వెళ్లని ఏళ్లకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రమే దిక్కు. అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు ఏడాదికొకటి చొప్పున దాచుకుంటూ రండి. నాలుగైదేళ్ల తర్వాత పాత చిరునామాకు రుజువులు వెతకడం కష్టం.

బడికి పంపడం మీద ఆధారపడిన సాయాలు ఆగిపోతాయన్నదీ ముందే లెక్కలో వేసుకోండి. ఆంధ్రలో తల్లికి వందనం డబ్బు బడిలో పేరు, హాజరు ఉన్న పిల్లలకే.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

వయసు చూసి తరగతి నిర్ణయించొద్దు. ఐదు పూర్తి చేసిన పిల్లాడికి మూడో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ పైకి చదివించండి. ఐదు మాటల కంటే ఎక్కువ చోట్ల తడబడితే ఇంకా కిందికి దిగండి. ఎక్కడ తడబడుతున్నాడో పెన్సిలుతో గుర్తు పెట్టండి. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' దగ్గర ఆగితే వత్తులు రావడం లేదు. గడగడా చదివేసి ఏం చదివాడో చెప్పలేకపోతే అర్థం కావడం లేదు. మొదటిదానికి రోజూ ఐదు పంక్తుల ఉక్తలేఖనం మందు. రెండోదానికి చదివింది సొంత మాటల్లో చెప్పించాలి.

లెక్కలకు ఒకే ఒక్క తీసివేత చాలు: 403 నుంచి 187. సరైన జవాబు 216. 384 అని రాస్తే, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడని అర్థం, అంటే స్థానవిలువే తెలియదు. 226 వస్తే అప్పు తేవడం తెలుసు కానీ మధ్యలో ఉన్న సున్న దగ్గర తప్పుతున్నాడు. ఇద్దరికీ ఒకే వర్క్‌బుక్ ఇస్తే లాభం లేదు. మొదటివాడికి అగ్గిపుల్లలు పదేసి కట్టలుగా కట్టించి, పది కట్టలు ఒక మూటగా వేయించి, మూట విప్పి కట్టలు, కట్ట విప్పి పుల్లలు ఇప్పించండి. వారం రోజుల పని. రెండోవాడికి మధ్యలో సున్న ఉన్న లెక్కలు రోజుకు నాలుగు చొప్పున ఇస్తే మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది.

పుస్తకాలకు డబ్బు పోయక్కర్లేదు. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీవి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆంధ్ర ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇంగ్లిష్ మీడియంలో అర్థం కాకుండా బట్టీ పట్టిన పిల్లలకు ఇంతకంటే మంచి పుస్తకం దొరకదు. ముందు తెలుగు పేజీ, మర్నాడు అదే పాఠం ఇంగ్లిష్ పేజీ చదివించండి.

రోజు ఎలా నడవాలి

ఆరు నుంచి ఎనిమిదేళ్లవాళ్లకు రోజుకు గంట, తొమ్మిది నుంచి పదకొండు వరకు రెండు గంటలు, ఆపైన మూడు నాలుగు గంటలు చాలు. ఒక్కో ముక్క ఇరవై అయిదు నిమిషాలు మించొద్దు. తక్కువేమోనని భయపడొద్దు. బడిలో హాజరు, నలభై మందికి నోట్సు దిద్దడం, లైన్లో నిలబడడం తీసేస్తే మిగిలేది ఇంతే. తెలుగు, లెక్కలు ఉదయమే, రోజూ. సైన్సు, సాంఘికం రోజు విడిచి రోజు. శనివారం రైతుబజారుకు తీసుకెళ్లి కూరల లెక్క పిల్లల చేత వేయించండి: కిలో 36 అయితే 750 గ్రాములెంత, వందిస్తే చిల్లరెంత.

బడి మానిన కొత్తలో పిల్లలు ఆలస్యంగా లేస్తారు, పుస్తకం చూస్తే మొహం తిప్పుకుంటారు. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల వదిలేయాలన్న మాట ఇంటి చదువులవాళ్లలో బాగా వినిపిస్తుంది. చదవడం బాగా వచ్చిన పిల్లలకు అది సరే. చదవడమే రాని పిల్లాడిని ఆరు నెలలు వదిలేస్తే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. మిగతావన్నీ నెల రోజులు ఆపినా, ఇరవై నిమిషాల పైకి చదువు ఒక్కటి ఆపకండి.

సాధారణంగా దెబ్బ తగిలేది సెప్టెంబరులో. ఎనిమిది పీరియడ్ల టైంటేబుల్ గోడకు అంటించి జూన్‌లో మొదలుపెడతారు. వంటా చదువూ రెండూ తల్లి మీదే పడతాయి. రెండు నెలలకు ఆమె అలిసిపోతుంది, ఆ స్థానంలోకి ఫోన్లో వీడియో పాఠాలు వస్తాయి, తర్వాత వీడియోలే మిగులుతాయి. దీనికి విరుగుడు టైంటేబుల్ కుదించడం, ఒక సబ్జెక్టు పూర్తిగా తండ్రికో తాతయ్యకో అప్పగించడం. రాత్రి తొమ్మిదికైనా సరే, ఆ పాఠం వాళ్లే చెప్పాలి. తోటి పిల్లల సంగతి కూడా దానంతట అది కుదరదు. సాయంత్రం ఒకే చోట, ఒకే సమయానికి జరిగే ఆట గానీ సంగీతం గానీ వారానికి నాలుగు రోజులైనా ఉండాలి.

ప్రతి నెలాఖరునా ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, ఆ నెల చదివిన పేజీ ఒకటి, చేసిన లెక్క ఒకటి, రాసిన పేరా ఒకటి అంటించండి. మూడో నెలలో మొదటి పేజీ పక్కన పెట్టి చూస్తే సాగుతోందో లేదో తెలిసిపోతుంది. సాగకపోతే ఏడాది పట్టుకు వేలాడక్కర్లేదు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ పొందే హక్కూ ఉంది. దగ్గర్లోని ప్రభుత్వ బడికి ఆ నోటు పుస్తకం, రికార్డ్ షీట్, పెన్ నంబరు పట్టుకుని వెళ్లండి. చేర్చుకోబోమని అంటే ఎంఈవోకు (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.