మారుతి 800 ముందు చక్రంలో టకటక: యాక్సిల్ ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి

1983 చివర్లో వచ్చిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఇప్పటికీ చాలా ఇళ్ల ముందు ఆ బండి కనిపిస్తుంది. దీన్ని లాగేవి ముందు చక్రాలే. కాబట్టి గేర్‌బాక్స్ నుంచి చక్రానికి తిరుగుడు అందించే కడ్డీ, అంటే యాక్సిల్, చక్రాన్ని తిప్పుతూనే స్టీరింగ్‌తో పాటు మెలికా తిరగాలి. శబ్దం వినగానే యాక్సిల్ దించేయకండి. అది ఎప్పుడెప్పుడు వస్తోందో ముందు గమనించండి.

సమస్య: స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిలిస్తే టకటక
కారణం: చక్రం వైపు సీవీ జాయింట్ (యాక్సిల్ తిరుగుతూనే మెలిక తిరగనిచ్చే కీలు) అరిగింది. ఎడమకు తిరిగేటప్పుడు మోత పెరిగితే చాలావరకు కుడి యాక్సిల్‌దే తప్పు, కుడికైతే ఎడమది. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే జాయింట్‌ను కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగినట్టే. గ్రీజు పోయి, దుమ్మూ నీళ్లూ చేరి జాయింట్‌ను తినేస్తాయి.
పరిష్కారం: టకటక మొదలయ్యాక కొత్త గ్రీజు పెట్టినా లాభం లేదు, జాయింట్ మార్చాల్సిందే. బూటు చిరిగినా శబ్దం ఇంకా రాకపోతే జాయింట్ శుభ్రంగా కడిగి, గ్రీజు నింపి, బూటు మార్చండి. ఎంతో ఖర్చు తప్పుతుంది.

సమస్య: తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కితే అదురు
ఇది లోపలి జాయింట్ (గేర్‌బాక్స్ వైపుది) పని కావచ్చు. ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) కూడా చూడండి. వేగంతో పాటు పెరిగే గుయ్యిమనే మోత అయితే వీల్ బేరింగ్‌ను అనుమానించండి.

తీసే పద్ధతి
చక్రం నేలమీద ఉండగానే హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) నట్టు వదులు చేయాలి. స్ప్లిట్ పిన్ను ఉంటే తీయండి, నట్టు అంచు లోపలికి కొట్టి ఉంటే ఉలితో లేపండి. తర్వాత బండిని జాక్ మీద లేపి స్టాండు పెట్టండి. ఒక్క జాక్‌ను నమ్ముకుని కింద దూరొద్దు, ఇటుకలు అసలే వద్దు. గేర్ ఆయిల్ దించి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చేయి) బాల్ జాయింట్ విడదీసి, హబ్‌ను బయటికి లాగండి.

అసలు చిక్కు ఇక్కడే. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ బళ్లలో యాక్సిల్ పళ్లు హబ్‌లో తుప్పుపట్టి బిగుసుకుంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. అప్పటికీ కదలకపోతే పుల్లర్ (బిగుసుకున్న భాగాన్ని లాగే పనిముట్టు) వాడండి. యాక్సిల్ కొసను నేరుగా సుత్తితో బాదితే మరలు చెడి, నట్టు మళ్లీ ఎక్కదు.

గేర్‌బాక్స్ వైపు టైర్ లీవర్ పెట్టి, లోపలి జాయింట్ దగ్గరే ఎత్తాలి. యాక్సిల్ నడుము పట్టి లాగితే ఆ జాయింట్ ఊడిపోవచ్చు. బయటికి వచ్చిన యాక్సిల్‌ను వేలాడనివ్వకండి.

బిగించేటప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ సీలు, లోపలి కొసన ఉండే సర్‌క్లిప్ (యాక్సిల్ జారిపోకుండా ఆపే ఉంగరం) కొత్తవి వేయండి. కుడి, ఎడమ యాక్సిళ్ల పొడవు వేరు, పాతదాని పక్కన పెట్టి సరిచూడండి. చక్రం నేలకు దించాక హబ్ నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, పిన్ను ఉండే రకమైతే కొత్త పిన్ను వేసి, గేర్ ఆయిల్ మట్టం చూశాకే బండి తీయండి.